గుట్ట పిట్ట, గంప పిట్ట

ఆ పొద్దు ఆకాశం తెల్లారిందని ఒప్పుకోనట్టే ఉంది. తూర్పున ఎరుపు రాలేదు. ఏకిన పత్తి పరిచినట్టు మబ్బు బోడగుట్ట నెత్తిదాకా దిగి అక్కడే ఆగింది. కురిసే మబ్బు కాదు, విడిచిపెట్టి పోయేదీ కాదు. పత్తి ఏరే రోజుల్లో ఇలాంటి మబ్బును ఎవరూ నమ్మరు. యాకయ్య అసలే ఏ మబ్బునూ నమ్మే మనిషి కాదు. గొర్లను దొడ్డిలోనే ఉంచి, గొంగడి భుజాన వేసుకొని, కుక్కను వెంటబెట్టుకొని గుట్ట ఎక్కాడు.

ఎక్కడానికి కారణం ఉంది. నిన్న మునిమాపు వేళ గొర్లను మళ్లేసుకొని వస్తుంటే గుట్ట వెనక బండ్లబాటలో కంపెనీ బండి కనిపించింది. తెల్ల బండి, దీపది. వెనక తలుపు తెరిచి ఎవరో వంగి ఒక గంపను దించారు. గంప మీద గోనెపట్టా కప్పి ఉంది. దూరం, పైగా మసక, మనిషి ఎవరో కంటికి ఆనలేదు. దించిన తీరు మాత్రం ఆనింది. బరువైన దాన్ని దించినట్టు కాదు, నిద్రపోయే పసిదాన్ని దించినట్టు దించారు.

యాకయ్య ఇంటికి వచ్చి ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అన్నం తిన్నాడు, పడుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు గానీ నిద్ర రాలేదు.

నర్సంపేట నుంచి నెక్కొండకు పోయే తోవలో ఈ ఊరికి ఆ గుట్టే ఒక్క ఆసరా. చుట్టూ ఎటు చూసినా వరి, పత్తి, మిరప. పక్క గుట్ట ఒకటుంది గాని అక్కడ గడ్డి మిగల్లేదు, గొర్రె మేసే జాగా ఇంకెక్కడా లేదు. మూడేళ్ల కింద ఒక క్వారీ ఆసామి గుట్టను అడిగాడు, రాయి కొట్టుకుంటానని. ఊరు రెండుగా చీలింది. ఆ కొట్లాట తెగకముందే దీప వచ్చింది. కాశిబుగ్గ నేతపని వాళ్ల బిడ్డ, చదువుకున్న పిల్ల, ఏదో కంపెనీ పంపిందట. గుట్టను మీరే కాపాడుకోండి, పై సగం గొడ్డలికి, నిప్పుకు, గొర్రెకు మూసేయండి, కింది సగం వంతులవారీగా మేపుకోండి, సర్కారు తుమ్మ పీకేయండి, నీటి గుంటలు తవ్వండి అని చెప్పింది. కొన్నేళ్లకు బయటివాళ్లు వచ్చి చూసి, అవును, ఇక్కడ పిట్ట పురుగు గడ్డి గాదం ముందుకన్నా పెరిగాయని ఒప్పుకుంటే దాన్ని క్రెడిట్ అంటారట. పెద్ద పెద్ద కంపెనీలు ఆ క్రెడిట్లు కొంటాయట. ఆ ఒప్పందం నడిచినన్నాళ్లు క్వారీ అన్న మాట ఉండదు. బయటివాళ్లు కాదంటే కంపెనీ మూట సర్దుకుంటుంది, క్వారీ ఆసామి మళ్లీ వస్తాడు. అప్పుడు యాకయ్య గొర్లను అమ్ముకోవడం తప్ప చేయగలిగింది ఉండదు. తాత కాలం నుంచి ఆ ఇంట్లో గొర్రె అరుపు లేని పొద్దు లేదు.

ఇంత తెలిసినా అతనికి దీప మీద గురి కుదరలేదు. మొదటిసారి వచ్చిన రోజే అడిగాడు.

"పిట్టను కొంటరా బిడ్డా?"

"కొనరు కాకా. పిట్ట ఈడనే ఉంటది."

"గడ్డి కొంటరా?"

"అది గూడ ఈడనే ఉంటది."

"మరి ఏం కొంటరు?"

దీప "ముందుకన్న ఇప్పుడు మంచిగయిందన్న మాటను కొంటరు" అంది.

ఆ రాత్రి యాకయ్య పెళ్లాం సమ్మమ్మతో ఒకే మాట అన్నాడు. ఉన్నదాన్ని ఈడనే ఇడిసి ఉన్నదన్న మాటను కొనేటోడు, ఎన్నడో ఒకనాడు ఉన్నదాని కోసం గూడ వస్తడు అని. అయినా ఊరు అతన్నే గుట్టకు కావలి పెట్టింది. ఎవరినీ నమ్మని వాడికన్నా మంచి కావలి ఎవరు దొరుకుతారని గుట్ట కమిటీ పెద్ద రాయమల్లు నవ్వుతూ అన్నాడు. రాయమల్లు యాకయ్య అక్క మొగుడు.

ఈ రోజు ఆ బయటి మనిషి వచ్చే రోజు. ఊరంతా దీన్ని తనిఖీ అంటోంది.

గుట్ట నడుమ ఒక సాపు బండ ఉంది. ఎండాకాలం వడ్లు ఆరబోసుకునేంత వెడల్పు. యాకయ్య దాని మీదికి ఎక్కగానే కాళ్ల కింద ఏదో గరగరలాడింది. వంగి చూశాడు. జొన్నలు. ఊళ్లో జొన్న వేయడం మానేసి ఎన్నేళ్లయిందో. గుట్ట మీద జొన్న ఎక్కడిది?

బండ పక్క పొదలోంచి కౌజు పిట్ట బయటికి వచ్చింది. కుక్క ముందుకు దూకబోతే యాకయ్య మెడ పట్టి ఆపాడు. గుట్ట కౌజు మనిషి అలికిడికే బుర్రుమని లేచి దిగువకు ఎగిరిపోతుంది. ఇది లేవలేదు. నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, తల వంచి, బండ మీది గింజను ఏరుకుంది. యాకయ్య వైపు చూసింది, ఇంత ఆలస్యమైందేమని అడుగుతున్నట్టు.

ఇలాంటి కౌజులు అతనికి తెలియనివి కావు. వేటగాళ్లు ఇంట్లో పెంచి మచ్చిక చేసి, పంజరంలో పెట్టి గుట్టల్లో కూయిస్తారు. ఆ కూత విని అడవి కౌజు పోట్లాటకు వస్తుంది, వలలో పడుతుంది. నెక్కొండ దిక్కు అంగడి రోజున సందుల్లో గంపల కింద అవి దొరుకుతాయి, అడిగేవాడికి అడగడం తెలియాలి గాని.

గంప. గోనెపట్టా. తెల్ల బండి. యాకయ్యకు అంతా కూడింది. కాశిబుగ్గ పిల్ల రెండేళ్లు కాకా కాకా అని తిరిగి, ఆఖరికి అంగడి పిట్టలను తెచ్చి గుట్ట మీద వదిలింది. ఉన్నదన్న మాటను అమ్మేవాళ్లకు నిజంగా అది ఉండనక్కర లేదు కదా.

అతను జొన్నలను కాలితో తోయబోయి మానుకున్నాడు. చెరిపేస్తే తానూ అందులో కలిసినట్టే. చెబితే గుట్ట పోతుంది. చెప్పకపోతే గుట్ట అబద్ధం మీద నిలుస్తుంది, అబద్ధం మీద నిలిచింది ఎంతకాలం నిలుస్తుంది? ఏదీ తేలక, తేలేదాకా ఆ పిల్లను కనిపెట్టి ఉండాలని మాత్రం గట్టిగా అనుకొని దిగాడు.

తనిఖీకి వచ్చిన ఆమె పేరు తబస్సుమ్. హైదరాబాద్ నుంచి పొద్దుటి రైలుకు నెక్కొండలో దిగి వచ్చింది. నడివయసు మనిషి, తలకు చున్నీ బిగించి కట్టుకుంది, కాళ్లకు మట్టి కొట్టుకుపోయిన కాన్వాసు బూట్లు. పూలదండ వేయబోతే చేత్తో అందుకొని పక్కన పెట్టింది. నవ్వలేదు, కసరలేదు. మాట తక్కువ. మాట తక్కువ మనుషులు ముందే ఏదో తేల్చుకొని వస్తారని యాకయ్య అనుమానం. తాను అలాంటి వాడే కాబట్టి.

రాయమల్లు ఆమెను నేరుగా బోడగుట్ట మీదికి తీసుకుపోవాలని తొందరపడ్డాడు. ఆమె ముందు పక్క గుట్టకు పోదాం అంది. పక్క గుట్ట ఈ ఒప్పందంలో లేదు, దాన్ని ఎవరూ కాపాడలేదు. అక్కడేం చూస్తారని రాయమల్లు అడిగితే దీప మెల్లగా చెప్పింది. రెండు గుట్టలూ ఒకనాడు ఒకలాంటివే కదా, వానలు మంచిగ పడి రెండూ పచ్చబడితే అది మన గొప్ప కాదు, మన గుట్టే పచ్చబడితేనే మన కష్టం ఫలించినట్టు, అందుకని పోల్చి చూస్తారట. రాయమల్లు ముఖం వాడింది. మన ఇంటికొచ్చిన చుట్టం పక్కింట్ల కూసున్నట్టుందని గొణిగాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు, యాకయ్య నవ్వలేదు. అతను దీప చేతులనే చూస్తున్నాడు. ఆ చేతులు వణకడం లేదు. అబద్ధం ఆడేవాళ్ల చేతులు మొదట్లో వణకవని అతనికి తెలుసు.

పక్క గుట్ట మీద తబస్సుమ్ యాకయ్యను ఒక్కణ్నే పక్కకు పిలిచింది. గొర్లు ఇప్పుడు ఎక్కడ మేస్తున్నాయని అడిగింది. కింది సగంలో వంతు మీద అని చెప్పాడు. వంతు లేని రోజు? కోసిన చేలలో అన్నాడు. ఈ గుట్ట మీదికి తోలరా? యాకయ్య ఇందులో ఏ ఉచ్చు ఉందోనని ఆలోచించాడు.

"మొదటేడు తోలిన," అన్నాడు ఆఖరికి. "ఈడ గడ్డి మొదలంట పోయింది. అది చూసిన ఆ పిల్ల, మంద తగ్గించుకో కాకా అని ఒకటే నస. తగ్గించిన. ఇప్పుడు తోలుతలేను."

"బలవంతంగ తగ్గించిండ్రా?"

"నస పెట్టింది అంటాన్న. బలవంతమంటే నేను ఇననే ఇనను."

ఆమె తల ఊపింది. అటు తోలి ఇటు కాపాడితే కాపాడినట్టు కాదు కదా, అందుకే అడిగిన అంది. యాకయ్యకు ఆ ప్రశ్న నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే అనుమానం వచ్చింది.

బోడగుట్ట ఎక్కేసరికి పొద్దు నడినెత్తికి వచ్చి ఉండాలి, మబ్బులో తెలియలేదు. తబస్సుమ్ గడ్డి కుదుళ్లను వేళ్లతో విడదీసి చూసింది. నీటి గుంట అంచున బురదలో నక్క అడుగులు చూసి దీపను పిలిచి చూపించింది. చెట్లకు కట్టిన ఆకుపచ్చ డబ్బాలను ఒక్కొక్కటే తడిమింది. అవి పిట్టల గొంతులను పట్టుకునే డబ్బాలు. ఏడాదిగా పట్టినవన్నీ ఆమె ముందే విన్నదట. రాయమల్లు మాత్రం ఆగిన చోటల్లా సాపు బండ దగ్గర నీడ ఉంది, అక్కడ కూర్చుందాం అంటూనే ఉన్నాడు. ఒకసారి అన్నాడు, రెండోసారి అన్నాడు. మూడోసారి అనేసరికి యాకయ్య బావ ముఖం వైపు చూశాడు. మబ్బు పట్టిన పూట నీడ ఎందుకు?

బండ మీద అందరూ కూర్చున్నారు. అంతలో సమ్మమ్మ చాయ్ క్యాను పట్టుకొని ఎక్కి వచ్చింది. అందరికీ పోసి, ఆఖరి గ్లాసు యాకయ్యకు ఇస్తూ పక్కన చతికిలబడి గొంతు తగ్గించింది.

"మీ బావకు జర బుద్ధి చెప్పు. నిన్న దీప బండి ఏసుకొని నెక్కొండ పోయిండు, తనిఖీ మేడానికి కోళ్లు తెస్తనని. గంప నిండ తెచ్చిండని బండి డ్రైవర్ చెప్పిండు. నా పొయ్యి కాడికి ఒక్క కోడి రాలే. పొద్దుగాల అడిగితే ఏ కోళ్లు అంటాడు. ఇగ నా ఎర్రపెట్టనే ఫకీర్ మామ దగ్గరికి కొంచవోయి కోయించిన, మేడం సాయిబులామె గద. గుడ్లు పెట్టే పెట్ట."

చాయ్ గ్లాసు యాకయ్య చేతిలో అలాగే ఉండిపోయింది. కాలుతోందని కూడా తెలియలేదు.

బండి దీపది. గంప బావది.

రాయమల్లు సంగతి ఊరంతా ఎరిగిందే. పదిహేను ఇరవై ఏళ్ల కింద బర్రెల లోను ఇచ్చిన బ్యాంకు వాళ్లు, బర్రెలు ఉన్నాయో లేదో చూడడానికి వచ్చారు. లోను డబ్బులు పెళ్లిళ్లకు, దవాఖానలకు అయిపోయాయి. రాయమల్లు తన ఒక్క బర్రెనే వెనక దొడ్లలోంచి తోలుతూ, ఒక ఇంట్లో కొమ్ములకు రంగు పూసి, ఇంకో ఇంట్లో మెడకు గంట కట్టి, ఆ వాడంతా చూపించాడు. ఆఖరి ఇంట్లో బ్యాంకాయన ఆ బర్రె వీపు మీద చెయ్యి వేసి, ఇది నన్ను గుర్తు పట్టిందయ్యా అన్నాడట. అయినా సంతకం పెట్టిపోయాడు. ఆనాటి నుంచి రాయమల్లుకు తనిఖీ అంటే అదే: వచ్చినాయనకు చూపించాలి, ఆయన చూడాలి, పోవాలి. ఆ కథ చెప్పుకొని ఊరు ఎన్నిసార్లు నవ్విందో. యాకయ్య కూడా నవ్వాడు.

ఇప్పుడు నవ్వు రాలేదు. పొద్దుటి నుంచి తాను ఎవరి చేతులను కనిపెట్టి కూర్చున్నాడో, ఆ పిల్ల వైపు చూడలేకపోయాడు.

సరిగ్గా అప్పుడే తబస్సుమ్ సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసింది. కాగితం చించగానే గరగరమంది. ఆ చప్పుడుకు బండ పక్క పొద కదిలింది. ఒక కౌజు బయటికి వచ్చింది, దాని వెనక ఇంకోటి. ఇంతమంది మనుషుల నడుమ నుంచి, పెళ్లి పందిట్లో వడ్డన చూసుకునే పెద్దల్లా నింపాదిగా నడిచి, ఆమె బూట్ల ముందుకు వచ్చి నిలబడ్డాయి.

రాయమల్లు ముఖం వెలిగింది. "సూడుండ్రి మేడం, మా గుట్ట మీద పిట్టలు గిట్లనే ఉంటయి. మనిషంటే బుగులు లేదు. రెండేండ్ల సంది ఎవ్వలం ముట్టలేదు గద" అన్నాడు.

తబస్సుమ్ బిస్కెటు ముక్కను నలిపి అరచేతిలో పెట్టి కిందికి చాచింది. మొదటిది చేతిలోనే పొడుచుకు తింది. ఆమె రెండో చేత్తో దాన్ని మెత్తగా ఒడిసి పట్టుకుంది. కాళ్లు చూసింది, ఒక కాలికి దారం ఒరిసిన గీత ఉంది. రెక్క విప్పింది. రెక్క ఈకలు అంచున ఒకే వరసలో, అంగడిలో గుడ్డ కత్తిరించినట్టు సాపుగా తెగి ఉన్నాయి.

ఆమె ఆ రెక్కను అలాగే విప్పి పట్టుకొని దీపకు చూపించింది.

దీప ఆ రెక్క అంచును వేలితో తడిమింది. నాకు తెలియదు మేడం అంది. ఆ మాట నిజంగానే ఉంది, అబద్ధంలాగానూ ఉంది. తెలియదు అన్న మాట ఎప్పుడూ అంతే. తబస్సుమ్ గొంతు పెంచకుండానే అడిగింది. ఈ ప్రాజెక్టు కట్టింది మీరు, మొదటి లెక్క తీసింది మీరు, రోజూ ఇక్కడ తిరిగేది మీరు, పిట్టలు పెరిగాయని చెబితే మేలు జరిగేదీ మీ కంపెనీకే. మరి ఇది ఎవరి పని అనుకోవాలి? దీప నోరు తెరిచి, ఏదో తట్టినట్టు రాయమల్లు వైపు చూసింది. బండి ఇచ్చింది తానే. రాయమల్లు దూరంగా పత్తి చేలను చూస్తున్నాడు.

"వేటగాళ్లు ఇడిసిపోయి ఉంటరు మేడం," అన్నాడు అటే చూస్తూ. "అటుకెల్లి వస్తాంటరు అప్పుడప్పుడు."

రెండో కౌజు ఇంకా బిస్కెటు కోసం బూట్ల చుట్టూ తిరుగుతోంది. యాకయ్య లేచాడు. అక్క గుర్తుకు వచ్చింది. నలుగురిలో అక్క మొగుణ్ని కిందపడేస్తే ఆ ఇంటి గడప ఇక ఎలా తొక్కేది? నోరు మూసుకుంటే ఈ పిల్ల పోతుంది. పిల్లతో పాటు గుట్ట మీద నిజంగా ఉన్నవన్నీ పోతాయి. అతను వంగి ఆ కౌజును రెండు చేతులతో ఎత్తాడు. అది గింజుకోలేదు. తీసుకుపోయి రాయమల్లు ఒడిలో పెట్టాడు.

"బావా, నీది నువ్వు వట్టుకో."

సమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాయమల్లు ఒడిలోని పిట్టను చూశాడు, తోసేయలేదు. దాని వీపు మీద చెయ్యి వేశాడు, అలవాటు కొద్దీ.

"చెడగొట్టాలని జెయ్యలే మేడం," అన్నాడు. "గుట్ట మీద కౌజులున్నయి. ఒట్టు. పొద్దుగాల, పొద్దుమీకి కూస్తనే ఉంటయి. గని ఉన్నయి కనవడయి గద. మీరేమో ఒక్క పూటకు వస్తాండ్రు. గుట్టంత తిరిగి ఒక్క పిట్ట కనవడలేదని రాసిపోతే, క్వారీవోడు తెల్లారే మిషిన్ దింపుతడు. అందుకని కనవడేటియి జరన్ని పెట్టిన. అంతే."

"కనవడకపోతే నేను ఫెయిల్ చేస్తనని ఎవరు చెప్పిండ్రు?" అంది తబస్సుమ్.

"ఎవలు జెప్పాలె మేడం? తనిఖీ అంటె గంతే గద."

ఆమె చేతిలోని పిట్టను కిందికి దించి గుట్ట వాలు వైపు చూసింది. కోపం వచ్చినట్టు లేదు. అలిసిపోయినట్టు ఉంది.

"ఆ డబ్బాలల్ల మీ గుట్ట గొంతు ఏడాదంత విన్న. నమ్మిన. నిన్నటి దాక నమ్మిన. ఇప్పుడు అండ్ల ఏది గుట్ట పిట్ట, ఏది గంప పిట్ట అని మల్ల మొదటి నుంచి వినాలె."

"గంప నిన్ననే వచ్చింది మేడం," అన్నాడు రాయమల్లు. "అంతకు ముందటియన్ని నిజమే."

"నిన్ననే అని మీరే చెప్తాండ్రు కదా."

దీప ముందుకు వచ్చి, బండి నాది, ఎందుకని అడగకుండ ఇచ్చిన, తప్పు నాదని రాయుండ్రి అంది. బండి ఎవరిదో కూడా రాస్తానని తబస్సుమ్ అంది. గడ్డి పెరిగింది రాస్తాను, నక్క అడుగులు రాస్తాను, పక్క గుట్ట అలా లేదని రాస్తాను, ఈ రెక్క కూడా రాస్తాను. ఇయ్యాల అవునని రాయను, కాదని రాయను. మళ్లీ వస్తాను, ఈసారి చెప్పి రాను.

యాకయ్య అడగక అడగక ఒకటి అడిగాడు.

"అందాక క్వారీవోడు ఆగుతడా?"

"అది నా చేతిల లేదన్నా," అంది ఆమె. "చూసింది చూసినట్టు రాసుడే నా చేతిల ఉంది."

మెత్తగా ఏదైనా చెబుతుందేమోనని అతను చూశాడు. చెప్పలేదు. అందుకు ఆమెను కొంచెం నమ్మాడు.

గంప పిట్టలను ఏరే పని పడింది. బిస్కెటు కాగితం గరగరలాడిస్తూ రాయమల్లు, దీప, సమ్మమ్మ పొదల చుట్టూ తిరిగారు. కొన్ని వచ్చి చేతికి చిక్కాయి. కొన్ని రాలేదు. ఎన్ని తెచ్చావని అడిగితే రాయమల్లు సరిగా చెప్పలేకపోయాడు, గంప లెక్కన కొన్నాడట. దొరికినవాటిని మళ్లీ అదే గంపలో వేసి, అదే గోనెపట్టా కప్పారు.

దిగేటప్పుడు రాయమల్లు వెనకబడి యాకయ్య పక్కకు వచ్చాడు. నలుగుట్ల నా ఒడిలనే పెట్టాల్నా యాకయ్యా, చెవుల చెప్తే కాకపోవునా అన్నాడు. గొంతులో కోపం కన్నా నొప్పి ఎక్కువ ఉంది.

"పొద్దుటి సంది నేను ఆ పిల్లనే అనుమానించిన బావా," అన్నాడు యాకయ్య.

రాయమల్లు గంపను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకున్నాడు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు దిగారు.

యాకయ్య ఇంటి అరుగు మీద చాపలు పరిచి ఉన్నాయి. అన్నం దగ్గర ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో కాసేపు ఎవరికీ తోచలేదు. ఆఖరికి తబస్సుమ్ మొదట కూర్చుంది, ఆమె పక్కన దీప. ఎదురుగా యాకయ్య. రాయమల్లు గంపను గోడ మూలకు దించి, పోదామా ఉందామా అన్నట్టు నిలబడితే, సమ్మమ్మ అతని ముందు విస్తరి వేసి నీళ్లు చల్లింది. కూర్చున్నాడు.

అన్నం వచ్చింది. టమాట పప్పు వచ్చింది. తర్వాత సమ్మమ్మ కూర గిన్నె మూత తీసింది. మసాలా వాసన అరుగంతా నిండింది. అందరి కళ్లూ గిన్నె మీదికి పోయి, అక్కడి నుంచి మూలనున్న గంప మీదికి పోయి, మళ్లీ విస్తర్ల మీదికి వచ్చాయి. తబస్సుమ్ పప్పు కలుపుకుంటూనే ఉంది. దీప కూరకు చెయ్యి అడ్డం పెట్టింది. యాకయ్య కూడా గరిటె తన మీదికి వచ్చినప్పుడు విస్తరిని చూస్తూ ఉండిపోయాడు. పొద్దుటి దాకా ఆ పెట్ట ఇదే వాకిట్లో గుడ్డు పెట్టి అరిచింది. ఇప్పుడు దాన్ని చూసి ఇది ఏ పిట్ట అని అడగని కన్ను లేదు.

సమ్మమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. లోపలికి పోయి ఒక చాట తెచ్చి, నలుగురికీ కనబడేలా గడప మీద పెట్టింది. చాటలో ఎర్రపెట్ట ఈకలు. పొడుగ్గా, నిగనిగలాడుతూ, అంచులు తెగనివి. మళ్లీ గరిటె తీసుకుంది.

తబస్సుమ్ ఈకల వైపు చూసింది. తన విస్తరిని కూర వైపు కొంచెం జరిపింది. సమ్మమ్మ వడ్డించింది. ఆ తర్వాత దీపకు, యాకయ్యకు. రాయమల్లుకు అందరికన్నా ఎక్కువ వేసింది, అది ప్రేమో కోపమో అతనికీ తెలియలేదు.

తింటుండగా మూలలో గోనెపట్టా కింద కౌజు ఒకటి కూసింది. తెగి తెగి, గట్టిగా. కాసేపటికి దానికి జవాబుగా బోడగుట్ట మీది నుంచి ఇంకో కౌజు కూసింది.

అందరి చేతులూ ఆగాయి. రాయమల్లు తల ఎత్తాడు, ఇదిగో చూడండి అని అతని కళ్లు అన్నాయి గాని నోరు తెరుచుకోలేదు. పలికింది గుట్ట పిట్టో, చేతికి చిక్కకుండా మిగిలిన గంప పిట్టో చెప్పగలిగిన వాళ్లు ఆ అరుగు మీద ఎవరూ లేరు. గుట్ట మీది పిట్ట మళ్లీ పలికింది. తబస్సుమ్ తల కొంచెం పక్కకు వంచి, అయ్యేదాకా విన్నది.

తర్వాత ఆమె ముద్ద కలుపుకుంది. ఆమెను చూసి మిగిలినవాళ్లు కలుపుకున్నారు. సమ్మమ్మ మజ్జిగ పోసుకుంటూ వెళ్లింది. మబ్బు ఇంకా గుట్టను విడవలేదు. అందరూ తల వంచుకొని, విస్తర్లు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.